పట్టూ విడుపూ

మా సందు మొదట్లో చిన్న వాలు ఉంది. కొండ పక్క సందు కనక వాన నీళ్ళు ఎటు పోతాయో బండ్లూ అటే జారతాయి. 1998లో మారుతి 800 కొన్నప్పటి నుంచీ నాన్నకి ఒక అలవాటు. మలుపు తిరగ్గానే గేరు తీసేసి, కాలు బ్రేకు పక్కనే ఉంచుకుని, బండిని దాని మానాన వదిలేసేవారు. అది మెల్లగా దొర్లుకుంటూ వచ్చి మా గేటు దగ్గర మునగచెట్టు కింద ఆగేది. చెట్టు దాటుతుందా దాటదా అని నేనూ తమ్ముడూ పందెం వేసుకునేవాళ్ళం. పెట్రోలు ఆదా అని నాన్న అనేవారు. దాంట్లో ఆదా అయ్యేది అర్ధ రూపాయి కూడా ఉండదని ఆయనకీ తెలుసు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం బండి చెట్టు దాకా రాలేదు. నాలుగిళ్ళ ముందే, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకు లాగినట్టు ఆగిపోయింది.

అప్పటికి నెల రోజులుగా ఏదో తేడాగానే ఉంది. మైలేజీ తగ్గింది. నాలుగో గేరులో హాయిగా పోవలసిన చోట మూడుకి దించాల్సి వస్తోంది. స్టీరింగ్ మీద చెయ్యి కాస్త సడలిస్తే బండి ఎడమకి జరుగుతోంది. ఇంజిన్ ముసలిదైపోయింది అనుకున్నాను. పాతికేళ్ళు దాటిన బండికి ఏ జబ్బు వచ్చినా వయసు మీదికి నెట్టేయడం తేలిక. మనుషుల విషయంలోనూ చేసేది అదే. ఒక షాపులో చూపిస్తే వీల్ అలైన్‌మెంట్ చేశారు. ఇంకో చోట ముందు ప్యాడ్లు మార్చారు. వారం రోజులు బాగానే ఉన్నట్టనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. విచిత్రం ఏమిటంటే, పొద్దున్నే షాపు తెరిచే వేళకి తీసుకెళితే బండికి ఏ రోగమూ ఉండేది కాదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లు చూసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అందరూ భాయ్ అంటారు, నేనూ భాయ్ అనే అన్నాను. ఆయన బానెట్ ఎత్తలేదు, పానా పట్టుకోలేదు. చేతులు తుడుచుకుంటూ ఒక్క ప్రశ్న వేశాడు.

"బ్రేకు తొక్కినప్పుడు ఎడమకి లాగుతుందా మాస్టారూ, తొక్కనప్పుడు లాగుతుందా?"

"తొక్కనప్పుడే అనుకుంటా."

"అనుకుంటే కుదరదండీ. బందరు రోడ్డు మీద పెనమలూరు దాకా వెళ్ళి రండి. దారిలో బ్రేకు బాగా వాడండి. చూసి చెప్పండి."

ఒక టీ తాగి బయల్దేరాను. ఆ ప్రశ్నలో అంత ఏముందో ఆ టీ తాగేటప్పుడే చెప్పాడాయన. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే బండి ఎడమకి లాగితే తప్పు చాలాసార్లు కుడి చక్రానిది. ఎడమది తన పని తాను చేస్తోంది. కుడివైపు పిస్టన్ జామ్ అయిపోయో, ప్యాడ్లకి ఆయిల్ అంటుకునో అది పట్టడం లేదు. పని చేసేవాడి వైపుకి బండి ఒరిగి, వాడే దోషిలా కనిపిస్తాడు. అదే, తొక్కకపోయినా ఎడమకి లాగుతుంటే తప్పు ఎడమదే. అది పట్టింది, వదలడం లేదు. రెండింట్లోనూ బండి పోయేది ఎడమకే. ఎటు పోతోందని కాకుండా ఎప్పుడు పోతోందని అడగాలి. మా ఇంట్లో జరిగిన తగువులు ఒకటీ రెండూ గుర్తొచ్చి, టీ చివరి గుక్క కొంచెం చేదనిపించింది.

వైద్యుడు నాడి పట్టినట్టు ఆయన పెడల్‌ని కాలితో పట్టి చూస్తాడు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకి వస్తోందంటే పైపుల్లో గాలి చేరినట్టు. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. కాలి బలం చక్రం దాకా చేరక ఆ గాలిని నొక్కడానికే ఖర్చయిపోతుంది. తొక్కిపట్టి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగుతోందా, డబ్బాలో ఆయిల్ మాత్రం తగ్గలేదా? అయితే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు అరిగాయి. ఆయిల్ బయటికి కారకుండా లోపల్లోపలే పక్కనుంచి జారిపోతుంది. డబ్బాలో కూడా తగ్గుతోందంటే వెనక డ్రమ్ముల దగ్గర టైరు లోపలి వైపు తడి ఉందేమో చూడాలి. అక్కడ వీల్ సిలిండర్ కారుతూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద అదురుతోందంటే డిస్కు చదును పోయింది. కీచుమంటే ప్యాడ్ మెరుపెక్కి ఉండొచ్చు. గరగరమంటే ప్యాడ్ పూర్తిగా అయిపోయి ఇనుము ఇనుముని తింటోంది. ఇన్ని జబ్బులకీ మనం చెప్పే పేరు ఒక్కటే: బ్రేకు బాగా లేదు.

పెనమలూరు నుంచి తిరిగొచ్చేసరికి నా దగ్గర "అనుకుంటా" లేదు. తొక్కనప్పుడే లాగుతోంది. వెళ్ళేటప్పుడు కొంచెం, వచ్చేటప్పుడు ఎక్కువ. భాయ్ బండి చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం దగ్గరా వంగి, పిల్లాడికి జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి, వెనక భాగాన్ని రిమ్ముకి దగ్గరగా పెట్టి చూశాడు. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ ముందు చక్రం దగ్గర మాత్రం చెయ్యి నిలవలేదు.

"పొద్దున చల్లగా తెస్తే ఏం తెలుస్తుందండీ," అన్నాడు.

బ్రేకు చేసే పని రాపిడి. 1888లో బెర్తా బెంజ్ మొగుడికి కూడా చెప్పకుండా అతను తయారుచేసిన కారు తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌సైమ్ దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. దారిలో బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించుకుందని చెబుతారు. ఆ తోలు దగ్గర్నుంచి ఇప్పటి ప్యాడ్ల దాకా సరుకు మారింది కానీ పని మారలేదు. పరుగుని వేడిగా మార్చడమే ఆ పని. నలుగురు కూర్చున్న మారుతి 800 బరువు దాదాపు 900 కిలోలు. అది గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే, పుట్టే వేడితో లీటరు నీళ్ళని 30 డిగ్రీలు వేడెక్కించవచ్చు. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. బండి ఆగినంత మాత్రాన ఆ వేగం ఎటో మాయమైపోదు. చక్రంలోకి వేడిగా దిగుతుంది. ఆ వేడి గాలికి పోవాలి. పోవాలంటే బ్రేకు వదలాలి.

ఈ సంగతి నాకు తిరుమల ఘాట్ రోడ్డు మీద ఒకసారి తెలిసింది, అర్థం మాత్రం కాలేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగే బండ్లకి అక్కడో నియమం ఉంది. పెట్టిన సమయం కన్నా ముందే కిందికి చేరితే జరిమానా. తొందరగా వచ్చినందుకు దండుగ కట్టించే చోటు అదొక్కటే అని నాన్న నవ్వేవారు. ఆ రోజు మాత్రం ఆయన మాటల్లో పడి గేరు మీద కన్నా బ్రేకు మీదే ఎక్కువ ఆధారపడ్డారు. సగం దిగాక ఒక మలుపులో పెడల్ ఒక్కసారి పాతాళానికి పోయింది. గబుక్కున రెండో గేరుకి దించి, హ్యాండ్ బ్రేకు లాగి, పిట్టగోడ పక్కన ఆపారు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. వెనక సీట్లో తమ్ముడు నా భుజం పట్టుకున్న చెయ్యి చాలాసేపటి దాకా తియ్యలేదు.

"చల్లారనీండి," అన్నారు నాన్న. అరగంట కూర్చున్నాం. పెడల్ మళ్ళీ మామూలుగా, గట్టిగా, ఏమీ ఎరగనట్టు పైకొచ్చింది.

బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది. మామూలుగా వాడే డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. దాంట్లో నాలుగు శాతం కన్నా తక్కువే నీరు చేరినా ఆ అంకె 140కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరి అంటే నలిగేది, నలిగేదాని మీద కాలు వేస్తే పెడల్ పాతాళం. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగొస్తుంది. కానీ ఆయిల్‌లో చేరిన నీరు అక్కడే ఉంటుంది, వచ్చే కొండ దాకా. అందుకే రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చమంటారు. కాలమే అన్నిటినీ మాన్పుతుందని పెద్దలు చెబితే తల ఊపుతాం. కాలం కొన్నిటిని చల్లారుస్తుంది, అంతే. మా బండి పొద్దున పూట ఆరోగ్యంగా కనిపించడం కూడా ఇలాంటిదే. రాత్రంతా చల్లారేది, పట్టు దానంతటదే సడలేది. జబ్బు మాత్రం జాగ్రత్తగా దాక్కునేది.

భాయ్ ఎడమ ముందు చక్రాన్ని జాకీ మీద లేపాడు. నా చేత బ్రేకు ఒకసారి తొక్కించి, వదలమన్నాడు. పెడల్ పూర్తిగా పైకొచ్చింది. చక్రాన్ని చేత్తో తిప్పితే కదల్లేదు. పట్టింది ఎక్కడో, ఎంత దూరంలోనో తేల్చాలి. బండి అడుగు నుంచి వచ్చే ఇనప పైపు, చక్రం దగ్గరున్న రబ్బరు హోస్‌తో కలిసే చోట బిగింపుని కొంచెం వదులు చేశాడు. నాలుగు చుక్కలు కారాయి. చక్రం తిరగలేదు. "పైన తప్పు లేదు," అంటూ బిగించాడు. ఈసారి కిందకి వచ్చి, చక్రం దగ్గరున్న బ్లీడింగ్ నిపుల్‌ని పావు చుట్టు తిప్పాడు. నల్లటి ఆయిల్ చివ్వున చిమ్మింది. చక్రం అప్పుడు వదులైంది. చేత్తో తోస్తే గిర్రున తిరిగింది.

పై బిగింపు తీస్తే వదల్లేదు, కింది నిపుల్ తీస్తే వదిలింది. అంటే ఒత్తిడి ఆ రెంటికీ మధ్యనున్న జానెడు రబ్బరు పైపులో చిక్కుకుని ఉంది.

దాన్ని ఊడదీసి నా చేతికిచ్చాడు. పైకి చూస్తే ఒక్క పగులు లేదు. నల్లగా, నున్నగా ఉంది. బ్లేడుతో నిలువునా కోశాడు. లోపలి పొర ఉబ్బి, ఒకచోట ఊడి నాలుకలా వేలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. బ్రేకు తొక్కినప్పుడు కాలి బలానికి ఆయిల్ ఆ నాలుకని తోసుకుని చక్రం వైపు పోతుంది. కాలు తీశాక వెనక్కి రావడానికి దానికి అంత బలం లేదు. నాలుక మూసుకుంటుంది. పోవడానికి దారి ఉంది, రావడానికి లేదు. మెల్లమెల్లగా గంటల తరబడి ఊరితే గానీ ఒత్తిడి పోదు.

1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ ద్రవంతో పనిచేసే బ్రేకులతో అమ్మకానికి వచ్చింది. మాల్కమ్ లాక్‌హీడ్ రూపొందించిన పద్ధతి అది. అప్పటిదాకా కడ్డీలూ తీగలే ఆధారం. ద్రవం గొప్ప ఏమిటంటే ఎక్కడ నొక్కినా ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పోతుంది. అయితే బండికి మొదలు నుంచి చివరిదాకా ఇనప పైపే వేస్తే కుదరదు. చక్రం తిరగాలి, గుంటల్లో పడి లేవాలి. అందుకే చక్రానికి దగ్గరగా ఒక జానెడు చోట మెత్తగా, వంగేలా పెట్టారు. వంగడానికి పెట్టిన చోటే మా బండిలో మూసుకుపోయింది.

ఆ కోసిన ముక్కని నేను పారేయలేదు, జేబులో వేసుకున్నాను.

2023లో బండి రిజిస్ట్రేషన్ మూడోసారి రెన్యువల్‌కి వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి అయిదేళ్ళకొకసారి ఆ తంతు ఉంటుంది. నాన్న పోయి ఏడాదైంది. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఎందుకన్నయ్యా ఇంకా, తుక్కుకి ఇచ్చేద్దాం," అన్నాడు. మాటకి మాట పెరిగింది. "నాన్న పోయాక నీకు అన్నీ తుక్కే," అన్నాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు కూడా వినపడలేదు. రెండు నెలలయ్యాక ఒక పెళ్ళిలో ఎదురుపడ్డాం. "సరేలే, వదిలేయ్," అన్నాను. "నేనెప్పుడో వదిలేశా అన్నయ్యా," అన్నాడు. పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. ఇద్దరం పెడల్ మీంచి కాలు తీసేశాం. చూసినవాళ్ళెవరైనా ఏ లోపమూ లేదనే అంటారు. కానీ అప్పట్నుంచీ మా ఫోను రెండు నిమిషాలు దాటేది కాదు. ఆరోగ్యం, పిల్లలు, ఎండలు, ఉంటా. ఎక్కడో ఏదో పట్టి ఉంది. అన్నదమ్ములకి ఈ వయసులో ఇంతే కాబోలని, దాన్నీ వయసు మీదికి నెట్టేశాను.

బ్రేకంటే మనకి ఆపేదనే గుర్తు. పేపర్లో దూకుడుకి బ్రేకులంటారు, పథకాలకి బ్రేకులంటారు. కోపాన్ని ఆపుకున్నాం, మాటని ఆపుకున్నాం అని మనమూ గొప్పగా చెప్పుకుంటాం. బ్రేకు పనిలో అది సగమే. తెలుగులో ఈ రెండు సగాలనీ ఒక మాటగా ఎప్పుడో కట్టేశారు. తగువు తీర్చే పెద్దమనిషి పట్టువిడుపులుండాలి అంటాడు. గ్రహణం రోజున మా నాయనమ్మ పట్టు స్నానం, విడుపు స్నానం అని రెండు చేసేది. పంచాంగంలో పట్టు ఎన్ని గంటలకో రాసి ఊరుకోరు, విడుపు ఎన్ని గంటలకో కూడా రాస్తారు. విడుపు అయ్యేదాకా ఆవిడ పొయ్యి వెలిగించేది కాదు. మేం ఆకలికి గోల పెట్టినా సరే, ఆకాశంలో వదిలిందా లేదా అన్నదే లెక్క. మన నోటితో వదిలిందనుకుంటే చాలదు.

భాయ్ రెండు వైపులా కొత్త హోస్‌లు వేశాడు. ఒకటి పోయిందంటే రెండోదీ అదే వయసుది. తరవాత పాత ఆయిల్ తీసి, గాలి తీసే పని. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాడు. నిపుల్‌కి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో ముంచాడు. పనిలో ఉన్న కుర్రాడు సీట్లో కూర్చున్నాడు.

"తొక్కు... పట్టు... ఆగు... వదులు."

తొక్కి పట్టిన తరవాతే ఈయన నిపుల్ తెరుస్తాడు. మూసిన తరవాతే వాడు కాలు వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది, మళ్ళీ మొదటికి. తొక్కు, పట్టు, ఆగు, వదులు. మధ్యాహ్నం ఎండలో ఆ నాలుగు మాటలు దంపుళ్ళ పాటలా సాగాయి. సీసాలో డికాషన్‌లా నల్లటి ఆయిల్, దాంట్లో బుడగలు. కాసేపటికి బుడగలు తగ్గాయి, రంగు తేరింది. చివరికి పల్చటి తేనెలా వచ్చింది.

చివర్లో ఆయన పెడల్ దగ్గర తల పెట్టి ఒకటి చూశాడు. పెడల్‌ని చూపుడువేలితో నొక్కితే, బరువు తగిలే ముందు కొంచెం ఊరికే కదలాలి. ఆ ఖాళీ ఉంటేనే పెడల్ వదిలాక మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న రంధ్రం తెరుచుకుని, వేడికి పెరిగిన ఆయిల్ డబ్బాలోకి తిరిగి పోతుంది. బ్రేకు చురుగ్గా ఉండాలని ఎవరైనా ఆ ఖాళీ కూడా లేకుండా బిగించేస్తే, ఎవరూ తొక్కకుండానే నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. "బిగింపు తెలిసినోళ్ళు చాలామంది ఉన్నారు మాస్టారూ, ఎంత వదులుంచాలో తెలియాలి," అన్నాడు నట్టు మీద చివరి పావు చుట్టు వెనక్కి తిప్పుతూ.

సాయంత్రం ఇంటికొచ్చాను. మలుపు తిరిగాక గేరు తీసి, కాలు బ్రేకు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బండి ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, కదిలింది. నాలుగిళ్ళూ దాటింది. మునగచెట్టు నీడలోకి వచ్చింది.

బట్టలు కూడా మార్చకుండా తమ్ముడికి ఫోన్ చేశాను. హోస్ సంగతంతా చెప్పాను. వాడు "ఊఁ, ఊఁ" అంటున్నాడు. ఆరోగ్యం, ఎండలు అనే చోటికి రాబోతుండగా జేబులో రబ్బరు ముక్క చేతికి తగిలింది.

"ఆ రోజు తుక్కని నువ్వన్నది బండినిరా. నేనన్నది నిన్ను. అనకుండా ఉండాల్సింది," అన్నాను.

అవతల చప్పుడు లేదు. ఇంతకు ముందు చప్పుడు లేనప్పుడు నేనే ఏదో ఒకటి అందుకునేవాణ్ణి. ఈసారి ఆగాను. చాలాసేపటికి వాడి గొంతు కొంచెం మారి వచ్చింది.

"చెట్టు దాటిందా?"

"దాటింది."

"ఎంత దాటింది?"

"ఒక రెండు మూడడుగులు ఉంటుందనుకుంటా."

"అనుకుంటా ఏంటన్నయ్యా. చూసి చెప్పు," అన్నాడు.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, చెప్పుల్లేకుండానే బయటికెళ్ళి, చెట్టు మొదట్లో మడమ ఆనించి, బంపరు దాకా అడుగులో అడుగు వేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.